సాలార్‌జంగ్ నవాబు ఆస్తి – వారసుల సంతకం

మన సంఘం ప్రత్యేక సంచికకు నగర చరిత్రపై ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, ముప్ఫై అయిదేళ్లు ఫైళ్లు మోసి, 2007లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫైలు చదవడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. కనుక చరిత్రను కూడా ఒక ఫైలు లాగానే విప్పి మీ ముందు పెడుతున్నాను. ఆ ఫైలు పెళ్లి కాకుండా, సంతానం లేకుండా పోయిన ఒక పెద్ద జాగీర్దారు ఆస్తిని గురించినది. చివరలో అటువంటిదే మా ఇంటి ఫైలు ఒకటి ఉన్నది. అది వ్రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. వ్రాయడమే మంచిదనిపించింది.

మన దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులో గానీ, మెట్రోలో ఎం.జి.బి.ఎస్. వరకు వెళ్లి ఆపైన గానీ, సాలార్‌జంగ్ మ్యూజియానికి చేరడం ఎంతో సేపు పట్టదు. మనలో చూడనివారు ఉండరు. ఊరి నుంచి చుట్టాలు వస్తే మొదట చార్మినారు, తరువాత సాలార్‌జంగ్. గంట కొట్టే బొమ్మ గడియారం ముందు నిలబడి పిల్లలను భుజాల మీద ఎత్తుకున్నవాళ్లమే అందరమూ. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ, ముందు ఒక రూపం వెనుక మరో రూపం ఉండే చెక్క బొమ్మ చూసి ఆశ్చర్యపోయినవాళ్లమే. "ఇదంతా ఒక్క మనిషి పోగుచేసి మనకిచ్చి పోయాడు" అని పిల్లలకు చెబుతుంటాము. పోగుచేసిన మాట చాలావరకు నిజమే. ఇచ్చి పోయాడన్న దగ్గరే ఫైలులో ఒక కాగితం తక్కువున్నది. ఆ కాగితం గురించే ఈ వ్యాసం.

ఆ నవాబు ఎవరు?

ఆయన అసలు పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889 జూన్ 13న పూనాలో పుట్టారు. ఆయన తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్. 1853 నుంచి 1883లో మరణించేవరకు ముప్ఫై ఏళ్లు హైదరాబాదు దివానుగా ఉండి, జిల్లాలు, రెవెన్యూ పద్ధతులు ఏర్పరచి రాజ్యాన్ని ఒక దారికి తెచ్చిన ఘనుడు. మనలో రెవెన్యూలో పనిచేసినవారు చూసిన పాత రికార్డుల పద్ధతికి మూలం ఆయన కాలంలోనే ఉన్నది. తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్, రెండవ సాలార్‌జంగ్. ఆయన కూడా దివానుగిరీ చేశారు. 1889 జూలైలో కన్నుమూశారు. అప్పటికి కొడుకు వయసు నెల నిండలేదు. కాబట్టి ఎస్టేటు సర్కారు పర్యవేక్షణలోనే ఉండి, ఆ పిల్లవాడు దానితోపాటే పెరిగాడు.

1912లో, ఇరవై మూడేళ్ల వయసులో, ఏడవ నిజాం ఆయనను దివానుగా నియమించారు. 1914లో ఆ పదవి వదిలేశారు. ఆ తరువాత ముప్ఫై అయిదేళ్లు జాగీరు ఆదాయంలో పెద్ద భాగం వస్తువుల మీదనే ఖర్చయింది. తాత, తండ్రి కొన్నవి కొన్ని ముందే ఉన్నాయి. రెబెక్కా బొమ్మ తాతగారు 1876లో రోము నగరంలో కొన్నది. మనవడు దానికి ఎన్నో రెట్లు కలిపాడు. దంతపు కుర్చీలు, కత్తులు, చైనా పింగాణీ, పారసీక రాతప్రతులు, తివాచీలు, గడియారాలు వచ్చి వచ్చి పాతబస్తీలోని దివాన్ దేవిడీ గదులన్నీ నిండిపోయాయి. పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న, అరవై నిండకుండానే చనిపోయారు. నేను పుట్టింది కూడా ఆ సంవత్సరమే గనుక ఆ తేదీ నాకు బాగా జ్ఞాపకం ఉంటుంది.

ఆస్తిలో మూడు భాగాలు

గుమాస్తా కళ్లతో చూస్తే ఆయన వదిలిపోయినది మూడు రకాలు. మన కోర్టు భాషలో మత్రూకా అంటాము, అంటే చనిపోయినవారు విడిచిపోయిన ఆస్తి యావత్తు. మూడింటికీ మూడు దారులు.

మొదటిది జాగీరు. ఇప్పటి కర్ణాటకలోని కొప్పళ మొదలుకొని ఎన్నో గ్రామాలు ఆ కుటుంబం కింద ఉండేవి. కాగా జాగీరు అన్నది సొంత పట్టా భూమి వంటిది కాదు. అది ప్రభువు ఇచ్చిన శిస్తు వసూలు హక్కు. జాగీర్దారు పోతే విరాసత్ విచారణ జరగాలి, వారసుడి పేరు మంజూరు కావాలి, అప్పుడే అది కొనసాగుతుంది. నవాబు పోయిన సమయం ఎటువంటిదో చూడండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949 మార్చిలో నవాబు పోయారు. 1949 ఆగస్టు 15 నుంచి జాగీర్ల రద్దు అమలులోకి వచ్చింది. అంటే ఆయన పోయిన అయిదున్నర నెలలకే జాగీరు అన్న మాటే లేకుండా పోయింది. 1950లో వచ్చిన కమ్యుటేషన్ నిబంధనల కింద జాగీర్దార్లకు, హిస్సేదార్లకు వాయిదాల మీద పరిహారం మాత్రం మిగిలింది. ఎవరు పెద్ద వారసుడని తేలేలోగా, తేలవలసిన వస్తువే కరిగిపోయింది.

రెండవది ఇళ్లు, సొంత భూములు, డబ్బు, పత్రాలు. ఇవి పంచడానికి వీలైనవే. అయితే ఎవరికి? భార్య లేదు, బిడ్డలు లేరు, తల్లిదండ్రులు లేరు. ముస్లిం వారసత్వ న్యాయంలో వారసులకు తరగతులు ఉన్నాయి, వాటాలు ఉన్నాయి. దగ్గరివారు లేకపోతే దూరపువారి వరకు వెతుక్కుంటూ వెళ్లాలి. దత్తత తీసుకున్నవారికి వారసత్వం లేదు. అందువల్ల ఇటువంటి ఇంట్లో వారసుల జాబితా తయారుచేయడమే పెద్ద పని. వంశవృక్షం వ్రాయాలి, ఒక్కొక్క పేరుకూ రుజువు కావాలి, ఒక పేరు మీద మరొకరు అభ్యంతరం చెబుతారు. చిక్కు ఎంత పెద్దదో ఒక్క సంగతితో తెలుస్తుంది. ఒక్క మనిషి ఆస్తుల నిర్వహణ కోసం 1950లో ఢిల్లీ పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. దాని పేరే 'నవాబ్ సాలార్‌జంగ్ బహదూర్ ఆస్తుల నిర్వహణ చట్టం'. ఈలోగా వ్యవహారం చూడడానికి సాలార్‌జంగ్ ఎస్టేటు కమిటీ ఏర్పడింది.

మూడవది ఆ వస్తువులు. అసలు కథ ఇక్కడే ఉన్నది. నలభై వేల పైచిలుకు వస్తువులను, వేలకొద్దీ రాతప్రతులను ఎలా పంచుతారు? గడియారం ఒకరికి, కుర్చీ ఒకరికి, ముసుగు బొమ్మ ఒకరికి ఇస్తే లెక్క సరిపోవచ్చు గాని, మరుసటి సంవత్సరానికి అవి లండను వేలంపాటల్లో తేలేవి. నాలుగైదు తరాల ఆస్తులున్న ఎన్నో దేవిడీల సామాను అలాగే పోయింది.

ఆ సమయంలో హైదరాబాదు పరిపాలన ఎం.కె. వెల్లోడిగారి చేతిలో ఉన్నది. ఈ వస్తువులను చెదరనీయకుండా ప్రదర్శనగా అమర్చాలని ఆయన తలపెట్టి, కళావిమర్శకుడు డాక్టర్ జేమ్స్ కజిన్స్‌ను పిలిపించారు. ఈయన ఐర్లండు దేశస్థుడు. మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఏళ్లతరబడి పనిచేసినవాడే. గదుల నిండా కుప్పగా ఉన్నవాటిని వరస పెట్టడం జరిగింది. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూగారు దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు.

తక్కువైన కాగితం

ఇక్కడ మనం జాగ్రత్తగా గమనించాలి. 1951లో బోర్డు పెట్టినంతమాత్రాన ఆ వస్తువులు ప్రజలవి కాలేదు. అవి ఇంకా మత్రూకాయే. ఎస్టేటు కమిటీ వాటిని చూసుకుంటున్నది, అంతే. వారసులు కావాలంటే తమ వాటా తాము పట్టుకుపోతామని అడగగల స్థితి.

"నవాబు గారికి ఇష్టం కదా, వీలునామా వ్రాసి ఉంటే సరిపోయేది" అని ఎవరైనా అనవచ్చు. సరిపోదు. ముస్లిం న్యాయంలో వీలునామా ద్వారా ఆస్తిలో మూడో వంతు వరకే ఇష్టం వచ్చినవారికి వ్రాయవచ్చు. దానికి మించితే వారసులు ఒప్పుకోవాలి. బ్రతికి ఉండగా దానంగా ఇచ్చివేస్తే అది వేరు సంగతి. చనిపోయిన తరువాత మొత్తం సేకరణ ఒక్కచోట నిలవాలంటే వారసుల సంతకం తప్ప దారి లేదు.

ఆ సంతకం పడింది. 1958 వరకు ఎస్టేటు కమిటీ కింద ఉన్న మ్యూజియాన్ని, హైకోర్టు డిక్రీ ఆధారంగా జరిగిన రాజీ ఒప్పందం ద్వారా, నవాబు వారసులు యావత్తు సేకరణతో సహా భారత ప్రభుత్వానికి దానం చేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి మ్యూజియాన్ని, గ్రంథాలయాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. రాష్ట్ర గవర్నరు అధ్యక్షులుగా ట్రస్టీల బోర్డు ఏర్పడింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి తరలించారు.

తక్కువైన కాగితం అదే. సేకరించినవాడి పేరు గోడ మీద ఉన్నది. ఇచ్చినవారి పేర్లు మనలో ఎవరికీ తెలియవు. జాగీరు పోయి, పరిహారం వాయిదాలకు ఎదురుచూస్తున్న కాలంలో, చట్టప్రకారం తమకు రాదగిన దానిని వద్దనుకోవడం చిన్న సంగతి కాదు. మరి మిగిలినవి ఏమైనాయి? జాగీరు చరిత్ర పుస్తకాలలో ఉన్నది. దివాన్ దేవిడీ చాలావరకు పడిపోయింది. గేటు, బట్టల టోకు దుకాణాల రద్దీ మిగిలాయి. పంచుకోగలిగినదంతా కనబడకుండా పోయింది. పంచుకోవద్దనుకున్నది ఒక్కటే నిలిచింది.

వర్జీనియా సంగతి

మా అమ్మాయి అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఉంటుంది. అక్కడ రెండుసార్లు ఉండి వచ్చాను. పాత వ్యవసాయ క్షేత్రాల ఇళ్లను చూపించేచోట ఎక్కడికి వెళ్లినా ఆస్తి ఎలా చేతులు మారిందో చెబుతారు. నాకు తగిన సబ్జెక్టు గనుక శ్రద్ధగా విన్నాను. ఆంగ్లేయుల పాలనలో అక్కడ జ్యేష్ఠుడి హక్కు చెల్లేది. పెళ్లికాని, వీలునామా వ్రాయని తమ్ముడు పోతే అతని భూమి పెద్దన్నకు, ఆయన లేకపోతే ఆయన పెద్ద కొడుకుకు పోయేది. తక్కిన తమ్ముళ్లకు, అక్కచెల్లెళ్లకు గుంట భూమి కూడా రాదు. స్వాతంత్ర్యం వచ్చాక జెఫర్సన్ తయారుచేసిన బిల్లును 1785లో అక్కడి శాసనసభ ఆమోదించింది. 1787 నుంచి అమలైంది. దాని ప్రకారం, తల్లిదండ్రులు లేకపోతే, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు సమానంగా వస్తుంది. వారిలో ఎవరైనా ముందే చనిపోయి ఉంటే, ఆ వాటా వారి పిల్లలకు వస్తుంది.

ఈ చివరి వాక్యం విన్నప్పుడు నా గుండె కొంచెం ఆగింది. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మా ఇంటి ఫైలు

మేము ముగ్గురు అన్నదమ్ములం, ఒక అక్క. మాది నల్లగొండ జిల్లా. పెద్దన్న 1988లో పోయాడు. వదిన, ఇద్దరు చిన్న పిల్లలు మిగిలారు. చిన్నన్న బడిపంతులు. అప్పటికి ఆయనకు సంబంధాలు చూస్తున్నాము. "ముందు వీళ్ల సంగతి చూద్దాం" అన్నాడు. ఆ 'ముందు' ఎప్పటికీ అయిపోలేదు, పెళ్లి చేసుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో వదినను, పిల్లలను పెట్టుకుని, తాను వరండాలో మంచం వేసుకుని పడుకునేవాడు. ఎల్.బి.నగర్ దాటాక, చుట్టూ తుప్పలు తప్ప ఏమీ లేని రోజుల్లో, జీతంలో మిగిల్చి రెండు వందల గజాల ప్లాటు కొన్నాడు. అదే ఆయన ఆస్తి. 2005లో గుండెపోటుతో పోయాడు. వీలునామా లేదు. అమ్మా నాన్నా అంతకుముందే పోయారు.

హిందూ వారసత్వ చట్టం, 1956 చూడండి. భార్యాబిడ్డలు, తల్లి లేని మగవాడు పోతే రెండవ తరగతి వారసులు వస్తారు. తండ్రి లేకపోతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వారు బ్రతికి ఉండగా ముందే పోయిన అన్న పిల్లలకు ఏమీ రాదు. దగ్గరివాడు ఉంటే దూరపువాడికి లేదు. అంటే ఆయన ఎవరి కోసం పెళ్లి మానుకున్నాడో ఆ పిల్లలకు చట్టంలో గజం కూడా లేదు. సగం అక్కకు, సగం నాకు.

పన్నెండో రోజు కార్యం ముగిశాక అక్క నన్ను పక్కకు పిలిచింది. "తమ్ముడూ, ఆ ప్లాటు పిల్లలదేరా. కాగితం ఎక్కడ చెయ్యాలో చెప్పు, వచ్చి చేస్తా" అన్నది. నేను "చూద్దాం అక్కా" అన్నాను. రెవెన్యూ గుమాస్తాను కదా, నాకు కారణాలకు కొదవ లేదు. వాళ్లు సహవారసులు కారు, కనుక హక్కు విడుదల పత్రం చాలదు, దానపత్రం కావాలి, స్టాంపు ఖర్చు ఉంటుంది, ప్లాటు హద్దులు సరిగా లేవు, లేఅవుటు క్రమబద్ధీకరణ కావాలి. ప్రతి మాటా నిజమే. లోపల ఉన్న మాట వేరు. రెండేళ్లలో రిటైర్మెంటు, అమ్మాయి పెళ్లి, ఆ పక్క భూముల ధరలు నెలనెలా పెరుగుతున్నాయి. సగం వాటా నాకు చట్టం ఇచ్చిందే కదా, నేను ఎవరిదీ దోచుకోలేదు కదా అని రాత్రిళ్లు నాకు నేనే నోట్‌ఫైలు వ్రాసుకునేవాణ్ణి.

అలా నాలుగేళ్లు గడిచాయి. వదిన ఒక్కసారి కూడా అడగలేదు. నేను వెళితే టీ ఇచ్చేది, అంతే. అక్క మాత్రం ఫోనులో "ఎంతవరకు వచ్చిందిరా" అని అడిగి, నా జవాబు విని, మాట మార్చేది.

2009లో ఊరి నుంచి వచ్చిన బంధువులను సాలార్‌జంగ్‌కు తీసుకువెళ్లాను. నాతో ఉర్దూ రికార్డులు చూసిన పాత సహోద్యోగి ఒకాయన కూడా మాతో వచ్చారు. గడియారం దగ్గర జనంలో నిలబడి నేను అలవాటుగా "ఎంత గొప్ప మనసో, మొత్తం ఇచ్చి పోయాడు" అన్నాను. ఆయన నవ్వి, "ఆయన ఎక్కడిచ్చాడండీ? ఆయన పోయాక తొమ్మిది పదేళ్లకు వారసులు ఇచ్చారు. సంతకం చెయ్యకపోతే ఇక్కడ ఈ గంట మోగేది కాదు" అన్నారు. ఆయనకు మా ఇంటి విషయం తెలియదు. బొమ్మ బయటికి వచ్చి గంటలు కొట్టింది. ఎన్ని కొట్టిందో నేను లెక్కపెట్టలేదు.

ఆ నెలలోనే అక్కను పిలిపించి, ఇద్దరమూ సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి దానపత్రం రిజిస్టరు చేశాము. ఇది గొప్పగా చెప్పుకోవడానికి వ్రాయడం లేదు. పెద్దవాడికి పై చదువుకు ఫీజు కట్టవలసిన సంవత్సరం 2007. ఆ ప్లాటు వాళ్ల పేరున ఉంటే అమ్మో, కుదువ పెట్టో కట్టుకునేవారు. వాడు చదువు మాని దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో చేరాడు. పత్రం చేతికిస్తే "ఎందుకు చిన్నాయనా ఇప్పుడు" అన్నాడు. కోపంతో అనలేదు. అందుకే ఇంకా గుర్తున్నది. తరువాత ఆ ప్లాటులో ఇల్లు కట్టుకున్నారు, వదిన ఆ ఇంట్లోనే ఉంటున్నది. బాగానే ఉన్నారు. కాని ఆ రెండేళ్లు ఏ దానపత్రంతోనూ తిరిగి ఇవ్వలేము.

పెన్షనర్లకు నా మనవి

రంగారెడ్డి జిల్లా కోర్టులు మన ఎల్.బి.నగర్‌లోనే ఉన్నాయి. ఒక పూట ఆ ఆవరణలో కూర్చుంటే, తెల్లజుట్టు అన్నదమ్ములు ఒకరికొకరు ఎదురు బెంచీల మీద కూర్చుని ఉండడం కనబడుతుంది. వారిలో చెడ్డవాళ్లు ఎక్కువమంది కారు. 'చూద్దాం' అన్నవాళ్లే ఎక్కువ.

కనుక మిత్రులారా, నాకు తెలిసిన నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను. హిందువులకు స్వార్జితం మొత్తాన్ని వీలునామాగా వ్రాసే హక్కు ఉన్నది. స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేస్తే మంచిది. ఇద్దరు సాక్షులు ఉండాలి, లబ్ధి పొందేవారు సాక్షులు కాకపోవడం మేలు. బ్యాంకు ఖాతాలో నామినీ పేరు వ్రాసినంత మాత్రాన ఆ డబ్బు నామినీ సొంతం కాదు. అతడు తీసుకుని వారసులకు అప్పగించవలసినవాడు. ముఖ్యంగా పెళ్లికానివారు, పిల్లలు లేనివారు, తమను చూసుకుంటున్నది ఎవరో, చట్టం ఎవరికి ఇస్తుందో పక్కపక్కన రెండు గీతలు గీసి వ్రాసుకోండి. రెండు జాబితాలు ఒకటి కాకపోతే ఆ వారమే వీలునామా వ్రాయండి.

ఇక వారసులుగా మిగిలినవారికి ఒక్క మాట. చట్టం మీకు ఇచ్చినది తీసుకోవడం తప్పు కాదు. కాని ఇవ్వవలసినది ఉంటే త్వరగా ఇవ్వండి. మా అక్క పన్నెండో రోజునే సిద్ధపడింది. సాలార్‌జంగ్ వారసులకు తొమ్మిది పదేళ్లు పట్టినా, వారి ముందున్నది ఒక రాజ్యమంత ఆస్తి. నా ముందున్నది రెండు వందల గజాలు. దానికి నాలుగేళ్లు తీసుకున్నాను.

ఈసారి మనవళ్లను సాలార్‌జంగ్‌కు తీసుకువెళ్లినప్పుడు, నవాబు గారి పేరుతోపాటు సంతకం చేసిన వారసుల సంగతి కూడా చెప్పండి. సెలవు.